స్థానిక న్యాయస్థానాల పాత రికార్డులు: స్వచ్ఛంద సేవకుల సంరక్షణ కృషి

జిల్లా, కౌంటీ, పట్టణ స్థాయి న్యాయస్థానాల్లో విచారణ ముగిసిన దావాల కాగితాలు తరతరాలుగా పోగుపడుతూ వస్తాయి. వాటిని దుమ్ము దులిపి, వరుసలో పెట్టి, సూచికలు తయారుచేసి, ఎత్తిరాసి చరిత్ర పరిశోధనకు అందుబాటులోకి తేవడం ఆర్కైవ్స్ వృత్తిలో ఒక ప్రత్యేక విభాగం. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో ఈ పనిలో పెద్ద భాగం జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగా జరుగుతోంది. ఆర్కైవ్స్ అధికారులు పద్ధతి నేర్పి పర్యవేక్షిస్తారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, న్యాయవాదులు, వంశచరిత్ర వెతికేవారు, కళాశాల విద్యార్థులు కాగితాలు చేతిలోకి తీసుకుంటారు.

ఈ కృషికి ప్రాముఖ్యం రావడానికి కారణం ఆ కాగితాల స్వభావంలోనే ఉంది. ఉత్తరాలు, దినచర్యలు, ఆత్మకథలు రాసి దాచుకున్నది చదువూ తీరికా ఉన్నవారు. అప్పు ఎగవేసిన రైతు, భరణం కోరిన భార్య, జీతం దక్కని కూలీ, స్వేచ్ఛ కోరిన బానిస తమ మాట కాగితం మీదికి ఎక్కిన చోటు చాలాసార్లు కోర్టు ఒక్కటే. ఆ కాగితం పోతే వారి ఉనికికి మరో ఆధారం ఉండదు.

రికార్డుల స్వరూపం

స్థానిక న్యాయస్థానం రికార్డులు ప్రధానంగా రెండు రకాలు. మొదటివి రిజిస్టర్లు: దాఖలైన దావాల జాబితా, రోజువారీ ఉత్తర్వులు, తీర్పులు, వసూలైన రుసుములు నమోదు చేసిన పెద్ద బైండు పుస్తకాలు. ఇవి గట్టి అట్టల మధ్య ఉంటాయి కాబట్టి ఎక్కువగా నిలిచాయి. రెండోవి విడి కాగితాల కట్టలు: అర్జీ, ప్రతివాది జవాబు, సమన్లు, సాక్షుల వాంగ్మూలాలు, సాక్ష్యంగా దాఖలు చేసిన దస్తావేజులు, ఖాతా పుస్తకాల పుటలు, వీలునామాలు, ఆస్తి జాబితాలు, పటాలు.

చరిత్రకారులకు ఎక్కువ విలువైనవి ఈ రెండో రకం. రిజిస్టరులో వాది పేరు, ప్రతివాది పేరు, ఫలితం మాత్రమే ఉంటాయి. కట్టలో మాత్రం తగాదా ఎలా పుట్టింది, ఎవరు ఎవరి ఇంట్లో పనిచేశారు, ఆ ఏడు ధాన్యం ధర ఎంత, పెళ్లికి ఏ సామాను ఇచ్చారు అన్నవన్నీ దొరుకుతాయి. అమెరికా కౌంటీ కోర్టుల్లో ఈ కాగితాలను మూడు మడతలు పెట్టి, పై అంచున కేసు పేరు రాసి, నాడాతో కట్టి, ఇరుకైన సొరుగుల్లో నిలువుగా కుక్కేవారు. ఒకటిన్నర శతాబ్దం తరువాత ఆ మడతలు విప్పడమే ఒక నైపుణ్యమైంది.

కోర్టు కట్టల్లో న్యాయంతో నేరుగా సంబంధం లేని సమాచారం కూడా విస్తారంగా ఉంటుంది. అమెరికాలో 1790 నుంచి 1906 దాకా రికార్డులు నిర్వహించే ఏ న్యాయస్థానమైనా విదేశీయులకు పౌరసత్వం ఇవ్వగలిగేది. అందువల్ల వలస వచ్చినవారి చరిత్రకు కౌంటీ కోర్టు పుస్తకాలే ప్రధాన ఆధారం. ఇంగ్లండులో శాంతి న్యాయాధిపతులు ఏడాదికి నాలుగుసార్లు కూర్చునే క్వార్టర్ సెషన్స్ కోర్టులు నేర విచారణతో పాటు వంతెనల మరమ్మతు, సారా దుకాణాల అనుమతులు, పేదల పోషణ బాధ్యత ఏ గ్రామానిదన్న వివాదాలు కూడా చూసేవి. పద్నాలుగో శతాబ్దంలో మొదలైన ఈ కోర్టులు 1972 ఆరంభంలో రద్దయ్యాయి. వాటి కాగితాలు నేడు కౌంటీ రికార్డు కార్యాలయాలకు మూలధనం.

నష్టానికి కారణాలు

కాగితం పాడవడానికి మొదటి కారణం కాగితమే. పాత గుడ్డపీలికలతో చేసిన కాగితం మూడు నాలుగు వందల ఏళ్లు నిలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కలప గుజ్జు కాగితం వాడుకలోకి వచ్చింది. దానిలోని ఆమ్లం వల్ల అది పసుపెక్కి పెళుసుబారుతుంది. అందుచేత 1700 నాటి అర్జీ చెక్కుచెదరకుండా ఉండగా 1900 నాటి అర్జీ ముట్టుకుంటే పొడి అయ్యే సందర్భాలు సాధారణం. ఇనుప లవణాలు, మాచికాయ రసంతో చేసిన సిరా కాలక్రమంలో కాగితాన్ని తొలిచి అక్షరాలున్న చోట చిల్లులు పెడుతుంది. గుండుసూదులు, క్లిప్పులు తుప్పుపట్టి మరకలు వేస్తాయి.

తేమ, బూజు, ఎలుకలు, చెదలు, వెండిపురుగులు తరువాతి శత్రువులు. బొగ్గుతో నడిచిన పారిశ్రామిక నగరాల్లో మసి కూడా వీటికి తోడైంది. వీటన్నింటికన్నా పెద్ద నష్టం మంటల వల్లా యుద్ధాల వల్లా జరిగింది. అమెరికా అంతర్యుద్ధంలో వర్జీనియా రాష్ట్రంలోని అనేక కౌంటీల కోర్టు రికార్డులు తగలబడ్డాయి. కొన్ని కౌంటీలు భద్రత కోసం తమ పుస్తకాలను రాజధాని రిచ్‌మండ్‌కు పంపగా 1865 ఏప్రిల్‌లో ఆ నగరం కాలిపోయినప్పుడు అవి అక్కడ బూడిదయ్యాయి. ఐర్లాండ్ అంతర్యుద్ధం మొదట్లో, 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో జరిగిన పేలుడు, మంటల్లో ఆ దేశపు పబ్లిక్ రికార్డు కార్యాలయం నాశనమైంది. ఏడు శతాబ్దాల రికార్డులు పోయాయి.

డబ్లిన్ ఘటనలో ఒక పాఠం ఉంది. మంటలకు ముందు వంశచరిత్ర మీద ఆసక్తితో అక్కడికి వెళ్లిన పరిశోధకులు వీలునామాల నుంచి, కోర్టు చుట్టల నుంచి సారాంశాలు, నకళ్లు రాసుకున్నారు. మూలాలు కాలిపోయాక ఆ నోటు పుస్తకాలే ఆధారాలుగా మిగిలాయి. ఇతర గ్రంథాలయాల్లో ఉన్న నకళ్లను, ప్రతిలిపులను ఒకచోట చేర్చిన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ ఆ విధ్వంసానికి వందేళ్లు నిండిన సందర్భంగా 2022 జూన్‌లో మొదలైంది. ఎత్తిరాసిన ప్రతి నకలూ మూలానికి ఒక రక్ష అని దీనివల్ల తేలింది.

మరో రకం నష్టం నిశ్శబ్దంగా జరుగుతుంది. గదులు చాలక పాత కట్టలను తూకానికి అమ్మడం, నేలమాళిగల్లో పడేసి మరచిపోవడం, ప్రముఖుల సంతకాలున్న కాగితాలను సేకర్తలు ఎత్తుకుపోవడం దీని కిందికి వస్తాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలో అబ్రహాం లింకన్ న్యాయవాదిగా రాసిన కాగితాలు అనేకం ఈ విధంగానే కోర్టు భవనాల నుంచి మాయమయ్యాయి. 1985లో మొదలైన లింకన్ లీగల్ పేపర్స్ పథకం కౌంటీ కోర్టులన్నీ గాలించి, ఐదు వేలకు పైగా కేసులకు చెందిన 96 వేలకు పైగా పత్రాలను గుర్తించి 2000లో ప్రచురించింది.

కృషి చరిత్ర

ఇంగ్లండులో స్థానిక చరిత్ర సంఘాలు పంతొమ్మిదో శతాబ్దంలోనే పాత కోర్టు చుట్టలను అచ్చు వేయడం మొదలుపెట్టాయి. యార్క్‌షైర్ పురావస్తు సంఘం 1274 నుంచి మిగిలిన వేక్‌ఫీల్డ్ మేనర్ కోర్టు చుట్టలను 1901 నుంచి సంపుటాలుగా తెచ్చింది. జంతుశాస్త్రవేత్త అయిన జి. హెచ్. ఫౌలర్ 1913లో బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీ మండలిలో రికార్డుల సంఘాన్ని ఏర్పరచి, కౌంటీ పత్రాలను శాస్త్రీయంగా అమర్చే పద్ధతిని రూపొందించారు. ఇంగ్లండులోని కౌంటీ రికార్డు కార్యాలయాలకు అదే నమూనా అయింది. రికార్డుల సంరక్షణ ఆయన జీవనోపాధి కాదు, ఇష్టంతో తలకెత్తుకున్న బాధ్యత.

అమెరికాలో ఆర్థిక మాంద్యం ఈ పనికి ఊహించని ఊతమిచ్చింది. నిరుద్యోగులకు పని చూపే ప్రభుత్వ కార్యక్రమంలో భాగంగా 1935లో మొదలైన హిస్టారికల్ రికార్డ్స్ సర్వే దేశమంతటా కౌంటీ కోర్టు భవనాల్లోని రికార్డులకు జాబితాలు తయారుచేసింది. మాసచూసెట్స్‌లోని ఎసెక్స్ కౌంటీకి చెందిన 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణ పత్రాలు 1938లో పూర్తిగా టైపు అయింది కూడా ఆ ఉపాధి కార్యక్రమం కిందే. 1977లో అచ్చయిన ప్రసిద్ధ సంపుటాలకు ఆ టైపు ప్రతే ఆధారం. వేతనం తీసుకున్నా వారు ఆర్కైవ్స్ వృత్తివారు కారు. తగిన శిక్షణ ఇస్తే మామూలు పౌరులు ఈ పని నమ్మకంగా చేయగలరని ఆ అనుభవం రుజువు చేసింది.

1894లో స్థాపితమైన యూటా వంశచరిత్ర సంఘం 1938లో మైక్రోఫిల్ము తీయడం మొదలుపెట్టింది. వీలునామాలు, పౌరసత్వ పత్రాలు, కోర్టు పుస్తకాలు ఆ ఫిల్ములపైకి విస్తారంగా ఎక్కాయి. ఇంటర్నెట్ వచ్చాక ఆ బొమ్మలను ఇంట్లో కూర్చుని చదివి పేర్లు, తేదీలు నమోదు చేసే స్వచ్ఛంద సేవకుల సంఖ్య లక్షల్లోకి చేరింది. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ నగర ఆర్కైవ్స్ చొరవతో 2011లో వెలసిన వేలెహాండెన్ వేదిక కూడా ఇదే పద్ధతిలో నడుస్తోంది. ఆ పేరుకు ‘అనేక చేతులు’ అని అర్థం.

పని జరిగే తీరు

కోర్టు రికార్డుల పనిలో మూడు నియమాలకు మినహాయింపు లేదు. ఏ కాగితం ఏ కోర్టు నుంచి, ఏ కట్ట నుంచి వచ్చిందో ఆ సంబంధం చెదరకూడదు. కట్టలో కాగితాలున్న వరుసను ఇష్టానుసారం మార్చకూడదు. తిరిగి విప్పడానికి వీలుకాని మరమ్మతు ఏదీ చేయకూడదు. మొదటి రెండూ పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ ఆర్కైవ్స్ సంప్రదాయం నుంచి వచ్చినవి. 1898 నాటి డచ్ కరదీపిక వాటిని స్థిరపరచింది. మూడో నియమం చేదు అనుభవం నేర్పింది. 1930ల నుంచి అమెరికాలో వేలాది పత్రాలను ప్లాస్టిక్ పొరల మధ్య వేడితో అతికించారు. దశాబ్దాల తరువాత ఆ పొరలే కాగితానికి హాని చేస్తున్నాయని తేలింది.

స్వచ్ఛంద సేవకుల పని సాధారణంగా ఈ క్రమంలో సాగుతుంది. మొదట కట్ట మీది రాతను నమోదు చేసుకుని నాడా విప్పుతారు. సూదులు, క్లిప్పులు మెల్లగా తీస్తారు. మెత్తని బ్రష్షుతో, మసి ఎక్కువగా ఉంటే ప్రత్యేకమైన రబ్బరు స్పాంజితో పై దుమ్ము తొలగిస్తారు. మడతలు విప్పడానికి వీలులేనంత బిరుసెక్కిన కాగితాలను తేమగల మూతపెట్టెలో కొన్ని గంటలు ఉంచితే మెత్తబడతాయి. తరువాత అద్దుడు కాగితాల మధ్య బరువు కింద పెట్టి చదును చేస్తారు. చదునైన కాగితాలను ఆమ్లరహిత ఫోల్డర్లలో పెట్టి, కేసు సంఖ్యను పెన్సిలుతో రాస్తారు. సిరా, టేపు, జిగురు పని బల్ల దగ్గరికి రానివ్వరు. చిరుగుల మరమ్మతు శిక్షణ పొందిన సంరక్షకుల వంతు. వారు పలుచని జపాను కాగితం, గోధుమ గంజితో ఆ పని చేస్తారు. చేతి తొడుగులు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తగ్గి కాగితం చిరిగే ప్రమాదముంది కాబట్టి, శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులే మేలని చాలా సంస్థలు చెబుతాయి.

తరువాతి మెట్టు సూచిక. వాది, ప్రతివాది, సంవత్సరం, దావా స్వభావం, కట్టలో ప్రస్తావనకు వచ్చిన ఇతరుల పేర్లు, ఊర్లు, వృత్తులు నమోదు చేస్తారు. కాగితాన్ని వందేళ్లు కాపాడినా దానిలో ఏముందో చెప్పే జాబితా లేకపోతే పరిశోధకుడికి అది లేనట్టే. అందుకే అనుభవజ్ఞులైన ఆర్కైవిస్టులు సూచికను సంరక్షణలో సగభాగంగా లెక్కిస్తారు. సాక్షుల పేర్లనూ, ఆస్తి జాబితాలో వస్తువులుగా రాసిన బానిసల పేర్లనూ కూడా సూచికలో చేర్చడం ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన మంచి మార్పు.

చివరిది ఎత్తిరాత. దీనికి పాత లిపి చదవడం రావాలి. ఇంగ్లండు కోర్టు రికార్డులు 1733 దాకా లాటిన్‌లో, ప్రత్యేకమైన కోర్టు లిపుల్లో ఉండేవి. సేవకులు బృందాలుగా కూర్చుని ఆ లిపులు నేర్చుకుంటారు. మూలంలోని అక్షరదోషాలను దిద్దరు. చదవలేని చోటును గుర్తుతో చూపుతారు. ఒకరు రాసినదాన్ని మరొకరు సరిచూస్తారు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ కేంద్రంగా అభివృద్ధి చెందిన ట్రాన్స్‌క్రిబస్ వంటి చేతిరాత గుర్తింపు సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు తొలి ప్రతిని తయారుచేస్తున్నాయి. వాటికి నేర్పడానికి, తప్పులు దిద్దడానికి మళ్లీ మనుషులు ఎత్తిరాసిన పుటలే కావాలి.

సెయింట్ లూయిస్ సర్క్యూట్ కోర్టు

స్థానిక కోర్టు కట్టలు ఒక దేశ చరిత్రను ఎంతగా మార్చగలవో చెప్పడానికి మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం ఉత్తమ ఉదాహరణ. 1764లో ఫ్రెంచి వర్తకులు నెలకొల్పిన ఈ పట్టణం స్పెయిన్ పాలనలో కొంతకాలం ఉండి, 1804లో అమెరికా చేతికి వచ్చింది. అందువల్ల ఇక్కడి తొలినాటి కాగితాల్లో ఫ్రెంచి, స్పానిష్ భాషలు కూడా కనిపిస్తాయి. బొచ్చు వ్యాపారుల అప్పులు, లూయిస్–క్లార్క్ అన్వేషణ యాత్రలో పాల్గొన్నవారి తగాదాలు, ఆవిరి పడవల ప్రమాదాలు, అన్నీ ఈ కట్టల్లో ఉన్నాయి.

1990ల చివర మిస్సోరి రాష్ట్ర ఆర్కైవ్స్, సర్క్యూట్ కోర్టు క్లర్కు కార్యాలయం, విశ్వవిద్యాలయాలు కలిసి ఈ రికార్డులను కాపాడే పథకం చేపట్టాయి. ఆర్కైవ్స్ సిబ్బంది వెంట విద్యార్థులు, ఇంటర్న్‌లు, స్వచ్ఛంద సేవకులు మసిపట్టిన కాగితాలను విప్పి, శుభ్రం చేసి, చదును చేశారు. ఒక్కో కట్ట విప్పుతుండగా బానిసలు తమ స్వేచ్ఛ కోసం వేసిన దావాలు బయటపడుతూ వచ్చాయి. 1814 నుంచి 1860 దాకా వేసిన ఇలాంటి దావాలు 300కు పైగా లెక్కకు వచ్చాయి. వాటి బొమ్మలు నేడు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

ఈ దావాలకు చట్టబద్ధమైన ఆధారం 1807 నాటి ప్రాంతీయ శాసనం, ఆపై 1824 నాటి మిస్సోరి చట్టం. అన్యాయంగా బానిసత్వంలో ఉన్నానని భావించిన వ్యక్తి పేదవాడిగా దావా వేయడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు అనుమతిస్తే న్యాయవాదిని నియమించి, విచారణ ముగిసేదాకా ఆ వ్యక్తిని కోర్టు పరిధి దాటించకూడదని యజమానిని ఆదేశించేది. బానిసత్వం నిషిద్ధమైన ఇల్లినాయ్ వంటి ప్రాంతంలో యజమాని తనను నివసింపజేశాడన్నది చాలామంది వాదన. తన తల్లి స్వతంత్రురాలన్నది మరికొందరి వాదన. 1824లో విన్నీ అనే స్త్రీ కేసులో మిస్సోరి సుప్రీంకోర్టు, స్వేచ్ఛా ప్రాంతంలో నివసించి స్వేచ్ఛ పొందిన వ్యక్తి తిరిగి వచ్చినా బానిస కాబోదని తీర్పిచ్చింది. ఆ సూత్రం దాదాపు మూడు దశాబ్దాల పాటు అనేకమందికి అండగా నిలిచింది.

కొన్ని కుటుంబాల పోరాటం తరాలు దాటింది. ఆదివాసీ మూలాలున్న మేరీ సిపియాన్ కూతుళ్లు తమ అమ్మమ్మ నాచెజ్ తెగ స్త్రీ అనీ, స్పెయిన్ పాలనలో ఆదివాసులను బానిసలుగా ఉంచడం నిషిద్ధమనీ వాదిస్తూ 1805లో కోర్టుకు వెళ్లారు. పట్టణంలో అత్యంత బలవంతులైన షూటో కుటుంబంపై వారి పక్షం గెలిచేసరికి 1836 వచ్చింది. పాలీ అనే స్త్రీ 1839లో దావా వేసి 1843లో విముక్తి పొందింది. ఆమె కూతురు లూసీ తన కేసు తేలేదాకా పదిహేడు నెలలు జైల్లో గడిపి 1844లో గెలిచింది. ఆమె తరఫున వాదించిన ఎడ్వర్డ్ బేట్స్ తరువాత లింకన్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ అయ్యారు. లూసీ డెలానీ పేరుతో ఆమె పంతొమ్మిదో శతాబ్దం చివర ఆత్మకథ రాసింది. కోర్టు కట్ట, ఆత్మకథ రెండూ మిగలడం వల్ల ఒకదానితో మరొకదాన్ని సరిచూసే అవకాశం చరిత్రకారులకు దక్కింది.

వీటిలో ప్రపంచానికి తెలిసిన దావా డ్రెడ్ స్కాట్‌ది. 1846 ఏప్రిల్ 6న డ్రెడ్, ఆయన భార్య హ్యారియట్ వేర్వేరుగా అర్జీలు పెట్టారు. డ్రెడ్ స్కాట్‌కు సంతకం రాదు కాబట్టి గుర్తు పెట్టాడు. 1847 విచారణలో సాక్ష్యానికి సంబంధించిన సాంకేతిక లోపం వల్ల ఓడి, 1850లో జ్యూరీ ముందు గెలిచారు. 1852లో మిస్సోరి సుప్రీంకోర్టు పాత సూత్రాన్ని తోసిపుచ్చి ఆ గెలుపును రద్దు చేసింది. ఫెడరల్ కోర్టుల్లో కొత్తగా సాగిన దావాలో 1857 మార్చి 6న అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, నల్లజాతివారు అమెరికా పౌరులు కాలేరని తీర్పు చెప్పారు. అంతర్యుద్ధానికి దారితీసిన పరిణామాల్లో ఆ తీర్పు ఒకటి. అదే ఏడు మే నెలలో కొత్త యజమాని విడుదల పత్రం రాయగా స్కాట్ దంపతులు స్వతంత్రులయ్యారు. 1858 సెప్టెంబరులో డ్రెడ్ స్కాట్ మరణించాడు.

వందల దావాలు వెలుగులోకి రాకముందు డ్రెడ్ స్కాట్ కేసు ఒక ఒంటరి సాహసంగా కనిపించేది. కట్టలు తెరిచాక, సెయింట్ లూయిస్‌లో బానిసలు చట్టాన్ని తెలుసుకుని, ఒకరికొకరు చెప్పుకుని, దశాబ్దాలుగా కోర్టుకు వెళ్తున్న సంప్రదాయంలో అది భాగమని తేలింది. లీ వాండర్‌వెల్డి, ఆన్ ట్విటీ, కెల్లీ కెనింగ్టన్ వంటి చరిత్రకారులు ఈ కాగితాల ఆధారంగా 2014–2017 మధ్య ప్రచురించిన గ్రంథాలు అమెరికా బానిసత్వ చరిత్రలో కొత్త అధ్యాయం చేర్చాయి.

పరిశోధనకు చేకూరిన మేలు

వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయం కౌంటీల చాన్సరీ దావాల కాగితాలను డిజిటల్ రూపంలోకి తెచ్చింది. ఆస్తి పంపకాలు, విడాకులు, భాగస్వామ్య వివాదాలు నిండిన ఈ కట్టల్లో మరెక్కడా పేరు లేని బానిసల పేర్లు, వయసులు, బంధుత్వాలు దొరుకుతున్నాయి. చేతిరాత పుటలను స్వచ్ఛంద సేవకులు ఎత్తిరాస్తున్నారు. ఆస్తి దస్తావేజులు నమోదు చేసుకునేవారు చెల్లించే రుసుములో కొంత భాగం కౌంటీ రికార్డుల సంరక్షణకు కేటాయించడం ఆ రాష్ట్రం అనుసరించిన మంచి పద్ధతి.

నేర విచారణ పత్రాలను దగ్గరగా చదివి మామూలు మనుషుల మనోలోకాన్ని చిత్రించిన గ్రంథాలు 1970ల నుంచి చరిత్ర రచననే మార్చాయి. ఇటలీ పిండిమిల్లు యజమానిపై మతవిచారణ పత్రాల ఆధారంగా కార్లో గింజ్‌బర్గ్ 1976లో రాసిన పుస్తకం వాటిలో పేరెన్నికగన్నది. భారతదేశంలో షాహిద్ అమీన్ 1995లో ప్రచురించిన గ్రంథం, 1922 నాటి చౌరీచౌరా ఘటనను గోరఖ్‌పూర్ కోర్టు విచారణ పత్రాల నుంచి, గ్రామస్థుల జ్ఞాపకాల నుంచి తిరిగి నిర్మించింది. ఆ కేసులో సెషన్స్ కోర్టు 172 మందికి మరణశిక్ష విధించగా హైకోర్టు 19 మందికి ఖరారు చేసింది. జాతీయోద్యమ గ్రంథాల్లో ‘గుంపు’ అని మాత్రమే కనిపించినవారికి కోర్టు కాగితాల్లో పేర్లు, ఊర్లు, వృత్తులు ఉన్నాయి.

పరిమితులు, బాధ్యతలు

కోర్టు కాగితం సత్యానికి అద్దం కాదు. అర్జీ న్యాయవాది భాషలో, చట్టం కోరిన మూసలో ఉంటుంది. సాక్షి మాటను గుమాస్తా తన మాటల్లో రాస్తాడు. అమెరికాలోని బానిస రాష్ట్రాల్లో నల్లజాతివారి సాక్ష్యం శ్వేతజాతీయులకు వ్యతిరేకంగా చెల్లేది కాదు. తగాదా లేని కుటుంబం, కోర్టుకు వెళ్లే దారి లేని మనిషి ఈ రికార్డులో కనిపించరు. ఒక ఊరి కోర్టు కట్టలు చూసి ఆ ఊరంతా తగాదాలమయమని తీర్మానిస్తే పొరపాటు.

గోప్యత మరో సమస్య. బాలల కేసులు, లైంగిక నేరాలు, మానసిక ఆరోగ్య వివరాలున్న పత్రాలను నిర్ణీత కాలం దాకా తెరవకూడదు. సేవకులు పనిలో చేరేముందు ఈ నియమాలకు కట్టుబడతామని రాసిస్తారు. సూచిక ప్రజలకు తెరిచేముందు ఆర్కైవిస్టు దాన్ని పరిశీలిస్తాడు. పాత పత్రాల్లోని కులం, జాతి, స్త్రీలకు సంబంధించిన అవమానకర పదాలను చెరపకుండా, అవి ఆ కాలపు మాటలని స్పష్టంగా చెప్పడం సాధారణ ఆచారం.

స్వచ్ఛంద సేవ ఉద్యోగాలకు ప్రత్యామ్నాయం కాకూడదన్నది ఈ రంగంలో అందరూ అంగీకరించే సూత్రం. శిక్షణ, పర్యవేక్షణ, సరిచూత లేకుండా వదిలేస్తే ఉత్సాహవంతులే కట్టల వరుస చెడగొట్టగలరు. శాశ్వత సిబ్బంది ఉన్నచోటే సేవకుల శ్రమ ఫలిస్తుంది.

తెలుగు ప్రాంతాల రికార్డులు

మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి రెగ్యులేషన్లతో జిల్లా కోర్టులు ఏర్పడ్డాయి. ఉత్తర ప్రాంతానికి అప్పీలు కోర్టు మచిలీపట్నంలో ఉండేది. 1816 తరువాత మున్సిఫుల వ్యవస్థ విస్తరించింది. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాల జమీందారీ వారసత్వ వివాదాలు, ఇనాము తగాదాలు, కాలువ నీటి వ్యాజ్యాలు, దత్తత కేసులు ఈ కోర్టుల్లో నడిచాయి. పిఠాపురం జమీందారీ దావా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1899లో హిందూ న్యాయశాస్త్రానికే మైలురాయి అయింది. పైకోర్టు తీర్పులు అచ్చయి నిలిచాయి. కింది కోర్టుల్లో తెలుగులో నమోదైన సాక్షుల వాంగ్మూలాలకు, దాఖలు చేసిన తాటాకు పత్రాలకు, కాగితాలకు ఆ అదృష్టం దక్కలేదు.

హైదరాబాద్ సంస్థానంలో పరిపాలన, న్యాయ భాషగా ఉన్న పర్షియన్ స్థానంలో పంతొమ్మిదో శతాబ్దం చివర ఉర్దూ వచ్చింది. తెలంగాణ జిల్లాల పాత కోర్టు కాగితాలు చదవాలంటే ఉర్దూ రావాలి. అంతకు పూర్వపు దక్కను పత్రాలకు గొలుసుకట్టు షికస్తా లిపి కూడా తెలియాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల నాటి మొగలు పత్రాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఆ లిపి చదవగలిగినవారు తగ్గిపోతున్న కొద్దీ కాగితం భద్రంగా ఉన్నా విషయం మూగబోతుంది.

చట్టపరంగా చూస్తే 1917 నాటి రికార్డుల విధ్వంస చట్టం కింద, కింది కోర్టుల పాత కాగితాలను ఎంతకాలం ఉంచాలో, ఎప్పుడు నాశనం చేయాలో హైకోర్టులు నియమాలు చేస్తాయి. ఆ నియమాల లక్ష్యం గదుల్లో చోటు, కక్షిదారుల హక్కుల రక్షణ. చరిత్ర విలువను తూచే వ్యక్తి ఆ ప్రక్రియలో ఉండడం అరుదు. 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ–కోర్ట్స్ మూడో దశకు రూ. 7,210 కోట్లు కేటాయించగా, అందులో రూ. 2,038.40 కోట్లు కేసు రికార్డుల స్కానింగు, డిజిటలీకరణకు ఉద్దేశించారు. ఇది గొప్ప అవకాశం. పెళుసుబారిన పాత కట్టలను శుభ్రం చేసి, విప్పి, పేర్ల సూచిక తయారుచేసే మనుషులు లేకుండా స్కానింగు మాత్రమే జరిగితే, వెతకడానికి వీలులేని బొమ్మల రాశి మిగులుతుంది.

తెలుగువారికి ఇలాంటి ప్రజాసేవ కొత్త కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ప్రజల చొరవతోనే వెలశాయి. పాత పత్రికలు నేటికీ పరిశోధకులకు దొరుకుతున్నాయంటే అలాంటి గ్రంథాలయాల పుణ్యమే. అదే స్ఫూర్తి జిల్లా కోర్టుల రికార్డు గదులకు చేరవలసి ఉంది. హైకోర్టుల అనుమతితో, రాష్ట్ర ఆర్కైవ్స్ పర్యవేక్షణలో విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, న్యాయవాదుల సంఘాలు, విశ్రాంత ఉద్యోగులు కలిసి ముందుగా ఒక్కో జిల్లాలో పాత కట్టలకు జాబితా తయారుచేయడం మొదటి మెట్టు. నాశనానికి నిర్ణయించిన కట్టలను తగలబెట్టే ముందు ఒకసారి చరిత్రకారుడి చేతికి ఇవ్వడం రెండోది. ఉర్దూ, షికస్తా, పాత తెలుగు గొలుసుకట్టు రాత చదవగల పెద్దలు ఉండగానే యువతకు నేర్పించడం మూడోది. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు అవసరం లేదు. ఆలస్యం మాత్రం చేయకూడదు.